ఒళ్లు దాచుకోవడం తప్పు కాదు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీ యువకుల సమావేశంలో మాట్లాడిన మాటలకు రాత రూపం)



ఈ రోజు మనం ఎప్పుడూ మాట్లాడుకునేవే మాట్లాడుకుంటాం. పోడు పట్టాలు, 1/70 చట్టం, ఐదో షెడ్యూల్లో కలపాల్సిన ఊళ్లు, రోడ్లు, టీచర్ పోస్టులు. అవి మాట్లాడాల్సిందే. నాకంటే ముందు మాట్లాడిన అన్నలు బాగా చెప్పారు కూడా. నేను ఇంకో విషయం ఎత్తుతాను. ఇది మాట్లాడతానంటే మనవాళ్లే కొందరు నవ్వారు. "అది సభలో చెప్పే విషయమేటి?" అన్నారు.

నేను మాట్లాడబోయేది మన ఒంటి గురించి. మన చర్మం, మన రక్తం, మన మోకాళ్లు, మన నోరు, మన కడుపు. భూమి మాది అని గట్టిగా అంటాం. అడవి మాది అంటాం. ఈ ఒళ్లు నాది, దీన్ని నేను చూసుకోవాలి అని ఎప్పుడైనా అన్నామా? ఒక్కసారి మీలో మీరే అడిగి చూడండి.

మెచ్చుకున్నట్టే ఉంటుంది

తెలుగులో ఒక మాట ఉంది. కష్టపడేవాణ్ణి "ఒళ్లు దాచుకోకుండా పని చేస్తాడు" అని మెచ్చుకుంటారు. "వాడు ఒళ్లు దాచుకుంటాడు" అన్నారంటే అది తిట్టు. మన తాతల గురించి షావుకార్లు, భూస్వాములు చెప్పిన మంచి మాట ఇదొక్కటే. కంబారిగా ఉన్నన్నాళ్లూ, వెట్టి చేసినన్నాళ్లూ ఒళ్లు దాచుకోనోడే మంచోడు. జ్వరమొచ్చి పడుకుంటే సోమరి.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ రోజుల్లో మనవాళ్లు అడిగింది ఏంటి? వెట్టి వద్దన్నారు, కూలి పెంచమన్నారు, అడవి మీద హక్కు కావాలన్నారు. వెట్టి వద్దు అనడంలో ఇంకో అర్థం కూడా నాకు కనిపిస్తుంది. నా ఒళ్లు నీ సొత్తు కాదు అని. యాభై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పుడు షావుకారు కర్ర పట్టుకుని మన వెనక నిలబడటం లేదు. కానీ ఒళ్లు దాచుకుంటే తప్పు అనే మాట మన బుర్రలో అలాగే ఉండిపోయింది.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి మీరు వినే ఉంటారు. ఒంటికి గొలుసు చుట్టుకుని ఊపిరి బిగబట్టి తెంచేవారని, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. గొప్ప మనిషి, మన ప్రాంతం మనిషి. అదే వీరఘట్టం దాటి కొండెక్కితే, కావిడి మీద అనాసపళ్లు మోసుకుని, నెత్తి మీద కొండచీపుళ్ల మోపు పెట్టుకుని, ఒంటికి పిల్లను కట్టుకుని సీతంపేట సంతకు దిగే మనుషులు కనిపిస్తారు. వాళ్ల బలానికి ఎవరూ బిరుదు ఇవ్వలేదు. సరే, బయటివాళ్లు ఇవ్వలేదు. మనమైనా ఆ ఒంటిని ఎప్పుడైనా గౌరవంగా చూశామా?

బలం ఉందంటే అరగదు అనుకుంటున్నాం. మన ఊళ్లలో నలభై దాటకుండానే మోకాళ్లు పట్టుకుని లేచేవాళ్లు ఎంతమంది! నొప్పి వస్తే ఏం చేస్తున్నాం? దుకాణంలో నొప్పి బిళ్ల కొని వేసుకుని మళ్లీ మోపు ఎత్తుకుంటున్నాం. ఆ బిళ్లలు రోజూ వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. నొప్పి అంటే ఒళ్లు మనతో మాట్లాడుతున్నట్టు. బిళ్లతో దాని నోరు నొక్కేస్తే లోపల జరిగేది ఆగదు.

అందుకే ఈ రోజు నా మాట ఇది. ఒళ్లు దాచుకోవడం తప్పు కాదు. విత్తనం దాచుకుంటాం, గింజ దాచుకుంటాం. ఒళ్లు ఎందుకు దాచుకోకూడదు?

రంగు గురించి

ఒళ్లు దాచుకోవడంలో ఇంకో రకం ఉంది. అది సిగ్గుతో దాచుకోవడం. అది మాత్రం మనం బాగా నేర్చుకున్నాం.

నేను డిగ్రీ చదివేటప్పుడు గ్రూప్ ఫొటో అంటే చాలు, "నువ్వు కొంచెం వెనక్కి నిల్చో" అనేవారు. నవ్వుతూనే అనేవారు. "ఏటే, ఎండలో పెట్టి మర్చిపోయారేటి నిన్ను?" అని ఇంకొకరు. ఇలాంటివి మీలో చాలామంది విన్నారు. నాకు తెలుసు, ఎందుకంటే మీ ఫోన్లలో ఫొటోలు చూశాను. ఫిల్టర్ పెట్టకుండా దిగిన ఫొటో ఒక్కటి వెతికి చూపించండి చూద్దాం!

ఈ సిగ్గును మనకు అమ్మారు. అక్షరాలా అమ్మారు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజార్లోకి వచ్చింది. నలభై ఐదేళ్లు తెల్లగా ఉంటేనే ఉద్యోగం, తెల్లగా ఉంటేనే పెళ్లి అని టీవీల్లో చెప్పి, 2020లో ప్రపంచమంతా జాతి వివక్ష మీద గొంతెత్తిన తర్వాత పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకున్నారు. పేరు మార్చుకున్నారు సరే, మన పిల్లల మనసులో పెట్టిన మాట ఎవరు తీస్తారు?

దానికంటే ప్రమాదమైంది ఇంకొకటి ఉంది. మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే "తెల్లబడే ట్యూబులు". వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. గజ్జి, తామర ట్యూబుల్లో కూడా కలుపుతారు. మొదటి పది రోజులు మొహం మెరుస్తుంది. ఆ తర్వాత చర్మం పల్చబడుతుంది, ఎర్రగా మండుతుంది, మొటిమలు లేస్తాయి, ఆడపిల్లలకు మొహం మీద వెంట్రుకలు కూడా రావచ్చు. ఆపేస్తే ఇంకా ఎక్కువవుతుంది, అందుకని ఆపలేరు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం చెప్పింది. అయినా అమ్ముతున్నారు. ఇంకొన్ని పేరూ ఊరూ లేని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా లోపలికి వెళ్లి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

మన చర్మంలో నల్లదనం ఇచ్చేది మెలనిన్. ఎండలో చర్మాన్ని కాల్చేసే కిరణాలను అది అడ్డుకుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొండ మీద చీపురు కోసే మనిషికి అది పుట్టుకతో వచ్చిన గొడుగు. ఆ గొడుగును డబ్బిచ్చి మరీ చింపించుకుంటామా?

మన అమ్మమ్మల మొహాల మీద, చేతుల మీద పచ్చబొట్లు చూశారు కదా. చిన్నప్పుడు సూదులు గుచ్చి పొడిపించుకున్నారు. దాన్ని వాళ్లు అందం అనుకున్నారు, గుర్తు అనుకున్నారు. ఇప్పుడు కొందరు పట్నం వెళ్తే చెంగు లాక్కుని దాచుకుంటున్నారు. అదే పట్నం కుర్రాళ్లు వేలకు వేలు పోసి టాటూ వేయించుకుంటున్నారు! పచ్చబొట్టు వేయించుకోమని నేను చెప్పడం లేదు. అది ఎవరిష్టం వాళ్లది. అమ్మమ్మ చెంగు లాక్కోకుండా ఉండేలా మనం ఆమె పక్కన నిలబడాలి, అంతే.

సవర గోడ బొమ్మలు చూడండి. ఎర్రమట్టి గోడ మీద తెల్లటి గీతల మనుషులు. ఒకరు గీత కల్లు చెట్టు ఎక్కుతుంటారు, ఇంకొకరు బరువు మోస్తుంటారు, పది మంది చేతులు కలిపి ఆడుతుంటారు. ఆ గోడ మీద రంగును బట్టి ఎవరినీ వెనక వరసలో పెట్టలేదు. ఎవరేం చేస్తున్నారో అదే బొమ్మ.

రక్తంలో రాసి ఉన్నది

ఇప్పుడు రక్తం గురించి. ఇది కాస్త జాగ్రత్తగా వినండి.

మాకు దగ్గర్లోని ఊళ్లో ఒక తమ్ముడు ఉన్నాడు. వానాకాలం, చలికాలం వస్తే కాళ్లూ చేతులూ నడుమూ పట్టుకుని ఏడ్చేవాడు. చదువు ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని హాస్టల్లో అన్నారు. ఊళ్లో చిల్లంగి అన్నారు. ఎజ్జోడి దగ్గరికి తీసుకెళ్లారు. ఎన్నో నెలల తర్వాత ఒక నర్సమ్మ కళ్లు పచ్చగా ఉన్నాయని గమనించి రక్త పరీక్ష చేయించింది. సికిల్ సెల్ అని తేలింది. వాడు బద్ధకస్తుడు కాదు. వాడి మీద ఎవరూ ఏమీ చేయలేదు. వాడి రక్త కణాలు గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంగిపోతున్నాయి, అంతే.

మామూలు ఎర్ర రక్త కణం 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం పది ఇరవై రోజుల్లోనే చచ్చిపోతుంది. అందుకని రక్తం తక్కువగా ఉంటుంది, కళ్లు పచ్చబడతాయి. వంగిన కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే ఆ చోట భరించలేని నొప్పి. చలి, జ్వరం, నీళ్లు తాగకపోవడం, ఒంటికి మించిన పని, ఇవన్నీ నొప్పిని రేపుతాయి. వాళ్లు నీళ్లు బాగా తాగాలి, ఒంటిని వెచ్చగా ఉంచుకోవాలి, ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. డాక్టర్ చూసి హైడ్రాక్సీయూరియా ఇస్తే నొప్పులు వచ్చేది తగ్గుతుంది. ఆ తమ్ముడు ఇప్పుడు స్కూలుకు వెళ్తున్నాడు.

మన దేశంలో ఇది మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసీల్లో బయటపడింది. ఆ తర్వాత మధ్య భారతం నుంచి మన తూర్పు కనుమల దాకా ఆదివాసీ ప్రాంతాల్లో ఉందని తెలిసింది. "ఆదివాసీల జబ్బు" అని కొందరు చులకనగా అంటారు. వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఉంది. 1954లో ఆంథొనీ అల్లిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో ఒక విషయం నిరూపించాడు. ఈ జన్యువు తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కవైపు నుంచే వచ్చినవాళ్లను ప్రాణం తీసే మలేరియా అంతగా చంపలేదు. మలేరియా ఉన్న చోట్ల ఆ పిల్లలు బతికారు, పెద్దయ్యారు, పిల్లల్ని కన్నారు. అలా అది తరతరాలుగా మిగిలింది.

మన కొండల మలేరియా ఎలాంటిదో తెలియాలంటే గిడుగు రామమూర్తి పంతులు గారి కథ చాలు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారే, ఆయన పుట్టినరోజునే. సవర భాష నేర్చుకోడానికి పర్లాకిమిడి వైపు కొండల్లో తిరిగారు, సవరకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. కొండల్లో మలేరియా వచ్చింది. దానికి క్వినైన్ వాడితే వినికిడి పోయింది. అలాంటి కొండల్లో వేల ఏళ్లు బతికిన మనుషుల రక్తంలో ఆ పోరాటం గుర్తు మిగలకుండా ఎలా ఉంటుంది? ఇది మచ్చ కాదు. మన పూర్వీకులు బతికి బయటపడ్డ గుర్తు. కానీ ఆ గుర్తు రెండు వైపుల నుంచీ వస్తే బిడ్డకు కష్టం. అది కూడా తెలుసుకోవాలి.

లెక్క ఇది. తల్లి, తండ్రి ఇద్దరూ ఒక్కో జన్యువు మోసేవాళ్లయితే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. నాలుగింట రెండు వంతులు తల్లిదండ్రుల్లాగే జన్యువు మోసేవాళ్లయ్యే అవకాశం. నాలుగింట ఒక వంతు ఏమీ లేకుండా పుట్టే అవకాశం. ఒకరికే ఉంటే బిడ్డకు జబ్బు రాదు. మేనరికాల్లో ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ. మేనమామ ఇంట పిల్లను చేసుకోవడం మన ఆచారం కాబట్టి పరీక్ష ఇంకా ముఖ్యం.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామని చెప్పింది. పరీక్ష చేశాక కార్డు ఇస్తున్నారు. వేలి మీద సూది గుచ్చి రెండు చుక్కల రక్తం తీస్తారు, అంతే. పెళ్లి మాటలప్పుడు అబ్బాయి కార్డు, అమ్మాయి కార్డు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. కార్డులో ఉందని అమ్మాయికి పెళ్లి కాకుండా చేయడం, అబ్బాయికి అడగకుండా వదిలేయడం, అది ఒప్పుకోం. కార్డు తెలుసుకోడానికి, మనుషుల్ని వేలేయడానికి కాదు.

నోరు, కడుపు

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒక అలవాటు ఉంది, బయటివాళ్లకు చెప్తే నమ్మరు. అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మైదానంలోనూ ఉంది, కొండ మీదా ఉంది, ఆడవాళ్లలో ఎక్కువ. పొలంలో గాలికి చుట్ట ఆరిపోదని, పని చేస్తూ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని, పంటి నొప్పి తెలియదని అంటారు. చూడండి, ఇక్కడ కూడా ఒళ్లు దాచుకోకుండా పని చేయడం కోసమే!

1971లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10 వేల మందికి పైగా అడ్డపొగ మీద పరీక్షలు చేసి, అంగిలి ఎలా పాడవుతోందో డాక్టర్లు రాశారు. ఆ నిప్పు వేడి, ఆ పొగ నేరుగా అంగిలిని కాలుస్తాయి. అంగిలి తెల్లబడుతుంది, మచ్చలు పడతాయి, పుండు లేస్తుంది. కొందరికి క్యాన్సర్ అవుతుంది. మామూలు పొగతో అంగిలికి క్యాన్సర్ రావడం తక్కువ, అడ్డపొగతో ఎక్కువ. ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ అడ్డపొగ తాగుతుంటే తిట్టకండి. డెబ్బై ఏళ్ల అలవాటు తిడితే పోదు. టార్చి లైటు వేసి, "నోరు తెరువు అమ్మమ్మా, చూస్తాను" అనండి. తెల్ల మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ముందే చూస్తే బతుకుతుంది.

సారా గురించి కూడా ఒక్క మాట. జీలుగు కల్లు మన పండగలో ఉంది, దేవతకు పెట్టే దాంట్లో ఉంది. దాన్ని చూపించి రోజూ నాటుసారా తాగడాన్ని "మన సంస్కృతి" అనకండి, అన్నలారా. సంస్కృతి ఏడాదికి నాలుగు సార్లు వస్తుంది, సారా ప్యాకెట్ రోజూ వస్తోంది.

ఇక తిండి. మన తాతలు పోడులో ఒకే చెలకలో చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, అలసందలు కలిపి చల్లేవారు. ఒకటి పోయినా ఒకటి వచ్చేది. కడుపుకి కూడా అన్నీ అందేవి. ఇప్పుడు చాలా కొండల మీద జీడి తోటలు వచ్చాయి. జీడిపిక్క అమ్మితే డబ్బులొస్తాయి, మంచిదే. కానీ ఆ డబ్బుతో ఇంటికి వచ్చేది బిస్కెట్ ప్యాకెట్, కూల్ డ్రింక్. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలలో దాదాపు 120 ఉంటుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక హైదరాబాద్‌లో, విశాఖలో మన చోడి అంబలిని గ్లాసు లెక్కన అమ్ముతున్నారు. ఇక్కడ మన పిల్లలు అంబలి తాగడానికి సిగ్గుపడుతున్నారు.

రక్తహీనత మన ఆడవాళ్లందరి సమస్య. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి 57 మందికి రక్తం తక్కువని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణికి 11. గర్భిణికి 7 కన్నా తగ్గితే ప్రాణానికే ముప్పు. హాస్టల్లో వారం వారం ఇచ్చే నీలం రంగు మాత్ర కిటికీలోంచి పారేసేవాళ్లు ఎవరో నాకు తెలుసు! అది ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతుంది, తిన్నాక వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దు. తిన్న వెంటనే టీ తాగకండి, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ, ఉసిరికాయ కలిపి తింటే బాగా పడుతుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లు మాత్రం ఇనుము మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌ని అడగండి. రేపు ఆగస్టు 10, నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజు. కడుపులో పురుగులు రక్తం తాగుతుంటే మనం ఎంత తిన్నా లాభం లేదు. రేపు ఒక్కరు కూడా మానేయొద్దు.

చెల్లెళ్లతో

చెల్లెళ్లారా, ఈ మాట అందరి ముందే చెప్తున్నాను. తమ్ముళ్లు కూడా వినాలి. నెలసరి రోగం కాదు, మైల కాదు. ఆ గుడ్డను చీకట్లో, చూరు కింద, ఎవరూ చూడని చోట ఆరేస్తున్నారు. తడి ఆరక అక్కడ సూక్ష్మక్రిములు పెరుగుతాయి, దురదలు, పుండ్లు వస్తాయి. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. నొప్పి ఎక్కువైనా, రక్తం ఎక్కువ పోయినా ఏఎన్ఎం అమ్మకు చెప్పండి. "అందరికీ ఉండేదే" అని ఊరుకోవద్దు.

పద్దెనిమిది నిండకుండా పెళ్లి వద్దు. ఇంకా ఎదుగుతున్న ఒంట్లో ఇంకో ఒళ్లు పెరగాలంటే ఇద్దరికీ కష్టం. గర్భంతో ఉన్న అక్కలకు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా డాక్టర్ పరీక్ష ఉంటుంది. అంటే ఈ రోజు కూడా ఉంది. రోడ్డు లేని ఊళ్ల గర్భిణులు నెలలు నిండే ముందే వచ్చి ఉండటానికి సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో వసతి గృహాలు పెట్టారు. "పనులెవరు చేస్తారు, మేకలెవరు చూస్తారు" అని చాలామంది వెళ్లడం లేదు. ఆ మేకలను ఊరు చూడాలి. అక్క ఒళ్లు దాచుకోడానికి వెళ్తే ఊరంతా సాయం చేయాలి.

ప్రభుత్వాన్ని వదిలేయమని కాదు

ఇదంతా విని ఎవరైనా "చూశారా, గిరిజనులకు అవగాహన లేదు, అందుకే జబ్బులు" అంటే నేను ఒప్పుకోను. డోలీలో మోసుకెళ్తున్న గర్భిణికి అవగాహన లేక కాదు, రోడ్డు లేక. గెడ్డ నీళ్లు తాగే పిల్లకు కామెర్లు వచ్చేది తెలివి లేక కాదు, మంచినీళ్లు లేక. ప్రజల పోషకాహారం, ఆరోగ్యం మెరుగుపరచడం ప్రభుత్వ బాధ్యత అని రాజ్యాంగం 47వ అధికరణంలో రాసి ఉంది. రక్త పరీక్ష చేయమంటే కిట్లు లేవు, కిట్లుంటే మనిషి లేడు, మనిషుంటే మందు లేదు. ఇవన్నీ అడగాల్సినవే. అడుగుతాం.

కానీ అడిగేవాడు నిలబడాలి కదా? ఐటీడీఏ ముందు రోజంతా ధర్నా చేయాలంటే ఒంట్లో రక్తం ఉండాలి. అదొక్కటే కూడా కాదు. తన ఒంటికి విలువ ఉందని నమ్మిన మనిషి డోలీని మామూలు అనుకోడు. "మా బతుకులింతే" అనడు. రోడ్డు కావాలని అడుగుతాడు, ఎందుకంటే తన భార్య ఒళ్లు, తన తల్లి ఒళ్లు ఆ కర్రకు వేలాడదీయడానికి కాదని అతనికి తెలుసు. ఒంటిని ప్రేమించడం నేర్చుకుంటే హక్కులు అడగడం కూడా వస్తుందని నా నమ్మకం.

మనలాంటి మనిషే జైపాల్ సింగ్ ముండా. సవర భాష ఏ భాషా కుటుంబమో ముండా భాషా అదే కుటుంబం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్‌గా వెళ్లారు, ఆ జట్టు బంగారు పతకం గెలిచింది. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున గట్టిగా మాట్లాడారు. మైదానంలో పరుగెత్తిన ఒళ్లు, సభలో లేచిన గొంతు రెండూ ఒక మనిషివే.

ఈ నెలలో చేద్దాం

ఊరికే వినేసి వెళ్లిపోవద్దు. ఐదు పనులు చెప్తాను. వచ్చే నెల కలిసినప్పుడు అడుగుతాను.

ఒకటి. ప్రతి ఊళ్లో నలభై లోపు వాళ్లందరికీ సికిల్ సెల్ పరీక్ష అయిందో లేదో రాసుకోండి. కాకపోతే ఆ జాబితాతో మన యువకులంతా కలిసి పీహెచ్‌సీకి వెళ్దాం.

రెండు. మీ హిమోగ్లోబిన్ ఎంతో తెలుసుకోండి. ఫోన్ నంబర్ గుర్తున్నట్టు ఆ అంకె కూడా గుర్తుండాలి.

మూడు. ఇంట్లో అడ్డపొగ తాగే పెద్దల నోరు ఒకసారి చూడండి.

నాలుగు. మీ దగ్గరున్న తెల్లబడే ట్యూబు మీద ఏం రాసి ఉందో ఏఎన్ఎంకి చూపించండి. స్టెరాయిడ్ అయితే, చాలా రోజులుగా వాడుతుంటే, ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ని అడిగి మానండి.

ఐదు. రోజుకొక పూట చోడి అంబలి. సంతలో అందరి ముందు తాగండి, సిగ్గుపడకుండా.

ఒంట్లో బాగోలేకపోతే పడుకోండి. ఎవరైనా ఒళ్లు దాచుకుంటున్నావా అంటే, అవును దాచుకుంటున్నాను, ఇది నాది అని చెప్పండి.

జై ఆదివాసీ. జోహార్.